సుంకులమ్మ ఇంటికే అన్ని ట్యాంకర్లూ

బండగుంట నగరపాలక సంస్థలో నేను పౌర సంబంధాల అధికారిని. ఊళ్లో ఏదైనా జరిగితే జరగలేదని, జరగకపోతే ఘనంగా జరిగిందని పత్రికలకు రాసి పంపడం నా ఉద్యోగం. అందుకని నా రాతను ఎవరూ నమ్మరు. ఇప్పుడు చెప్పబోయేది ఏ పత్రికకూ పంపలేదు కాబట్టి నమ్మవచ్చు.

మా ఊళ్లో వేసవి అంటే ట్యాంకర్ల కాలం. ఎండలు ముదిరాక కొళాయిల్లో గాలి తప్ప ఏమీ రాదు. ఇదివరకు ట్యాంకరు కావాలంటే కార్పొరేటరు ఇంటి అరుగు మీద పడిగాపులు పడాల్సి వచ్చేది. అది నాగరికం కాదని మా సంస్థ 'ఇంటింటి గంగ' అనే యాప్ తయారు చేయించింది. ఫోనులో నొక్కితే ట్యాంకరు ఇంటి ముందుకు వస్తుంది. డ్రైవరు ఫోనులో ఇంటి నంబరు, దారి కనబడతాయి. ఆ ఇంటి ముందు నిలబడితేనే 'పోశాను' అనే మీట పనిచేస్తుంది. మీట నొక్కితేనే ట్రిప్పు లెక్కలోకి వస్తుంది. డ్రైవర్లు నీళ్లు హోటళ్లకు అమ్ముకోకుండా ఈ ఏర్పాటు. రెండు వేసవులు బాగానే నడిచింది.

అంతలో మా సంస్థకు భద్రత మీద మోజు పుట్టింది.

ఎక్కడో వేరే జిల్లాలో ఒక కార్యాలయం వెబ్‌సైటులోకి ఆకతాయిలు చొరబడి, పెద్ద అధికారి ఫొటో ఉండాల్సిన చోట గాడిద ఫొటో పెట్టారట. వారం దాకా ఎవరికీ తేడా తెలియలేదట. ఆ కబురు విని మా కమిషనర్ గారు ఉలిక్కిపడ్డారు. వెంటనే సంస్థకు ఒక డిజిటల్ భద్రతాధికారిని నియమించారు. ఆయన పేరు పరాంకుశం గారు. అంతకుముందు వీధి దీపాల విభాగం చూసేవారు. ఊరంతా చీకటిగా ఉన్నా దీపాలు వెలుగుతున్నట్టు నివేదిక ఇవ్వగల సమర్థులు. ఆయన్ను బెంగళూరుకు శిక్షణకు పంపారు. వెళ్లేటప్పుడు మామూలు మనిషే. వచ్చేటప్పుడు 'వల్నరబిలిటీ' అనే మాట వెంట తెచ్చుకున్నారు.

దానికి తెలుగేమిటని నన్ను అడిగారు. "లొసుగు" అన్నాను. ఆయనకు నచ్చలేదు. మరీ మన ఆఫీసు గురించి చెప్పినట్టుందన్నారు. చివరికి "దుర్బలత" అని ఖాయం చేశారు.

ఆయన తెచ్చిన పథకం పేరు 'సురక్షా ద్వారం'. సమావేశపు హాల్లో అందరినీ కూర్చోబెట్టి వివరించారు.

"మిత్రులారా! ఈ రోజుల్లో సాఫ్ట్‌వేరును విడిగా పంపరు. దానికి కావలసిన సరంజామా అంతా కలిపి ఒక డబ్బాలో పెట్టి, మూత బిగించి పంపుతారు. ఆ డబ్బాను కంటైనరు అంటారు. ఆ డబ్బా పోతపోసే అచ్చును ఇమేజి అంటారు. మన ప్రోగ్రామరు ఏ చిన్న మార్పు చేసినా కొత్త అచ్చు దానంతటదే తయారై, దానంతటదే సర్వరులోకి ఎక్కుతుంది. మానవ హస్తం ప్రసక్తి లేదు. ఇకమీదట ఆ వరస చివర ఒక ద్వారం ఉంటుంది. అక్కడ స్కానరు ప్రతి అచ్చునూ విప్పి పరిశీలిస్తుంది. ఒక్క దుర్బలత కనబడినా ద్వారం తెరుచుకోదు. ఒక్కటంటే ఒక్కటి!"

"సార్, చిన్నవి, పెద్దవి అని తేడా ఉంటాది కదా సార్," అని వెనక వరసలోంచి ఒక గొంతు వినిపించింది. అది నస్రీన్. కాంట్రాక్టు మీద పనిచేసే ప్రోగ్రామరు. 'ఇంటింటి గంగ'ను మొత్తం ఆ అమ్మాయే చూసుకుంటుంది. "ఏది ప్రమాదమో, ఏది కాదో స్కానరే చెప్తాది సార్. ప్రమాదమైనవి ఆపి, మిగిలినవి వదిలితే..."

"దొంగల్లో చిన్న దొంగైతే మీ ఇంట్లోకి రానిస్తావామ్మా?" అన్నారు పరాంకుశం గారు. హాలంతా చప్పట్లు. కొట్టినవారిలో నేనూ ఉన్నాను. కమిషనర్ గారు నా వైపే చూస్తున్నారు మరి.

ద్వారం రేపటి నుంచి అనగానే విభాగాలన్నీ గగ్గోలు పెట్టాయి. రేపు దాటితే ఏదీ లోపలికి పోదని అందరికీ అర్థమైంది. ఉడికిందీ ఉడకనిదీ, చేతిలో ఏది ఉంటే అది సర్వరులోకి తోసేశారు. మా సంస్థ చరిత్రలో భద్రత అనేది ఏ కోశానా లేని రోజు ఏదైనా ఉందంటే, అది సురక్షా ద్వారం తెరవడానికి ముందు రోజే. 'ఇంటింటి గంగ' కొత్త వెర్షను అప్పటికింకా పరీక్షలో ఉంది. పరీక్ష కోసం నస్రీన్ అందులో ఒక లైను రాసుకుంది. ఎవరు బుక్ చేసినా ట్యాంకరును ఇంటి నంబరు 1-1కి పంపమని ఆ లైను చెబుతుంది. దాన్ని తీసేస్తానని, ఒక్క పూట ఆగమని బతిమాలింది. పరాంకుశం గారు ఆగలేదు. ప్రారంభోత్సవం రోజున అన్నీ కొత్త వెర్షన్లే ఉండాలని ఆయన ఆశయం.

*

ఇంటి నంబరు 1-1 అంటే మొదటి వార్డులో మొదటి ఇల్లు. సుంకులమ్మది. మట్టి అడుసుతో కట్టిన రాతి గోడలు, పైన రేకులు. పొద్దున పూట ఇంటి ముందే ఉగ్గాని, బజ్జీ అమ్మి బతికే మనిషి.

మొదటి ట్యాంకరు వచ్చేసరికి ఆమె ఉగ్గానికి బొరుగులు నానబెడుతోంది. అడక్కుండానే నీళ్లు వచ్చాయని సంబరపడి డ్రమ్ము నింపుకుంది. రెండోది వస్తే బిందెలు, బకెట్లు, పిండి కలిపే బేసిన్లు కూడా నింపింది. మూడోది వచ్చేసరికి గరిటె పట్టుకుని వీధిలోకొచ్చింది.

"ఏంది నాయనా, ఇంగా ఎన్ని తెస్తావు? యాడ పోసుకోవల్ల?"

డ్రైవరు దస్తగిరి తల గోక్కున్నాడు. "నేనేం జేద్దునక్కా. ఫోను నీ ఇంటికే పొమ్మంటాంది. ఇంగ యాడా మీట పనిజేయదు."

"ఆరో వార్డులో జనం నాలుకలు ఎండి సస్తాండారంట. ఆడికి తీస్కపో."

"పోతే ట్రిప్పు లేదంటారు. నా ఇంట్లో పొయ్యి ఎవరు ముట్టిస్తారక్కా?"

అతను వాల్వు తిప్పాడు. నీళ్లు వీధిలో పారాయి. వెనక ఇంకో ట్యాంకరు హారను కొడుతోంది. దాని వెనక మరొకటి. మధ్యాహ్నానికి ఊళ్లో ఉన్న ట్యాంకర్లన్నీ ఆ సందులో బారులు తీరాయి. కరువు ఊళ్లో సుంకులమ్మ గుమ్మం ముందు వరద వచ్చింది.

విలేకరులు నన్ను అడిగారు. "మొదటి వార్డులో నీటి ఎద్దడికి శాశ్వత పరిష్కారం" అని రాసి పంపాను. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.

*

నస్రీన్ ఆ లైనును ఎప్పుడో తీసేసింది. తీసేయగానే కొత్త అచ్చు తయారైంది, వరసలో జరిగి ద్వారం దాకా వెళ్లింది, అక్కడ ఆగిపోయింది. దుర్బలతలు నూట ఎనభై ఏడు అని స్కానరు తేల్చింది.

ఆ అమ్మాయి పరాంకుశం గారి గదికి పరుగున వచ్చింది. ఆయన జీవిత విశేషాలు ప్రారంభోత్సవ సావనీరు కోసం రాసుకుంటూ నేను అక్కడే ఉన్నాను.

"సార్, ఒక్క లైను తీసేసినా సార్. ఇంగేం మార్చలేదు. ఆ నూట ఎనభై ఏడులో నేను రాసినది ఒక్కటీ లేదు. డబ్బాలో మనం రాసేది చిటికెడు. మిగతాదంతా లోకంలో ఎవరెవరో రాసిపెట్టిన సరంజామా. దాంట్లో ఉన్నాయి."

"ఎవరు రాసినా దుర్బలత దుర్బలతే."

"కానీ సార్, ఇప్పుడు నడుస్తాండే దాంట్లో కూడా ఇవే ఉండాయి. ఇవే సామాన్లు కదా సార్. పైగా ఆ లైను కూడా ఉంది."

పరాంకుశం గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నడుస్తున్నదాన్ని స్కాన్ చేశారా?"

"లేదు సార్."

"స్కాన్ చేయనిదాంట్లో దుర్బలతలు ఉన్నాయని ఏ ఆధారంతో అంటున్నావు?"

"అయితే స్కాన్ చేద్దాం సార్."

"చేస్తే బయటపడతాయి. బయటపడితే నిబంధన ప్రకారం ఆపాలి. ఆపితే పౌరసేవలకు అంతరాయం. ప్రజలకు నీళ్లు అందకూడదని నీ ఉద్దేశమా?"

నీళ్లు ఎవరికీ అందడం లేదన్న సంగతి ఎలా మొదలుపెట్టాలో నస్రీన్‌కు తోచలేదనుకుంటాను.

"పోనీ సార్, పోయిన నెల వెర్షను ఉంది. బాగా నడిచింది. దాన్నే మళ్లీ ఎక్కిద్దాం."

"ఎక్కించడం అంటే కొత్తగా ఎక్కించడమే. ద్వారం గుండానే రావాలి." ఆయన గొంతు మృదువుగా మారింది. "చూడమ్మా, భద్రత విషయంలో రాజీ లేదు. నువ్వు సున్నా చేసుకుని రా. ద్వారం దానంతటదే తెరుచుకుంటుంది. నేను కూడా ఆపలేను."

ఆ అమ్మాయి సున్నా చేయడానికి కూర్చుంది. పాత సరంజామా తీసి కొత్తది పెట్టింది. అక్కర్లేనివి ఏరి పారేసింది. డబ్బాలో ఎక్కడో ఏ దేశం వాళ్లో పెట్టిన ముద్రణ యంత్రపు సామగ్రి ఉంది. మా యాప్ దాన్ని జన్మలో వాడదు, అయినా అందులోనూ రెండు దుర్బలతలు. దాన్నీ పీకేసింది. లెక్క వందకు దిగింది, పదులకు దిగింది. ఒకనాటి సాయంత్రం మూడుకు వచ్చింది. తెల్లారి ఆఫీసుకు వచ్చి చూస్తే మళ్లీ పదకొండు.

"నేనేమీ ముట్టుకోలేదు సార్," అని నా దగ్గర వాపోయింది. "లోకంలో దినామూ ఎవరో ఒకరు కొత్తవి కనిపెడతాంటారు. స్కానరు జాబితా రోజూ పెరుగుతాంటాది. కొన్నిటికైతే మందే లేదు. దాన్ని రాసినవాళ్లే ఇంకా సరిచేయలేదు. అన్నీ సున్నా కావాలంటే లోకమంతా ఒక రోజు పని మానుకోవల్ల."

ఇలాంటివాటికి మినహాయింపుల కమిటీ ఒకటి ఉందని నాకు తెలుసు. వెళ్లి అడిగాను. దరఖాస్తులు కాగితం మీద తీసుకోరట, ఆన్‌లైనులోనే ఇవ్వాలట. ఆన్‌లైను పోర్టలు ఎక్కడుందని అడిగాను. తయారైందట. ద్వారం దగ్గర ఆగి ఉందట.

*

ఈలోగా ఊరు తన దారి తాను చూసుకుంది. నీళ్లు ఎక్కడున్నాయో జనానికి తెలిసిపోయింది. ఆరో వార్డు వాళ్లు ఆటోల్లో డ్రమ్ములు వేసుకుని మొదటి వార్డుకు రాసాగారు. తోపులాట మొదలైంది. సుంకులమ్మ బజ్జీల బాణలి దించి, స్టూలు వేసుకుని వీధి మధ్యలో కూర్చుంది.

"యేయ్, ఎర్ర చీర! నువ్వు పొద్దున గూడ వచ్చినావు. పక్కకు జరుగు. ఆ కడుపుతో ఉండే పాపను ముందుకు రానీండి. ముసిలాయప్ప బిందె ఎవరైనా ఎత్తండ్రా!"

ఆమె నోటికి జడిసి వరస నిలబడింది. కానీ పట్టుకోగలిగినంత పట్టుకున్నా సగం నీళ్లు నేలపాలే. గుంతల్లో నిలిచాయి. ఆరోగ్య విభాగం వాళ్లు వచ్చి చూసి, దోమలు పెరిగేలా నీరు నిల్వ చేసినందుకు సుంకులమ్మకు నోటీసు ఇచ్చారు. నీళ్లు పోసేదీ మేమే, పోసినందుకు నోటీసు ఇచ్చేదీ మేమే. మా విభాగాల మధ్య సమన్వయం లేదని ఎవరూ అనలేరు. ట్యాంకరూ, నోటీసు బండీ ఒకే గంటలో వచ్చాయి.

నోటీసు ఇచ్చిన రెండు రోజులకు ఆమె ఇంటి పక్కగోడ కూలింది. రోజుల తరబడి నానిన మట్టి అడుసు ఉన్నట్టుండి జారి, రాళ్లన్నీ లోపలికి పడ్డాయి. మంచం నుజ్జయింది. ఆ సమయంలో ఆమె వీధిలో ఉంది కాబట్టి బతికింది.

నేను, నస్రీన్ వెళ్లాం. సుంకులమ్మ ఆ రాళ్ల మధ్య నుంచి గిన్నెలు ఏరుకుంటోంది. ఏడవడం లేదు. నస్రీన్ ఆమె పక్కన కూర్చుని తానూ ఏరసాగింది. కాసేపటికి, "పెద్దమ్మా, ఇది నా వల్లనే అయింది," అంది.

"నువ్వేం జేసినావు పాపా?"

"ఫోనులో నీ ఇంటి నంబరు రాసినా. తీసేస్తామంటే తీయనీయట్లేదు."

సుంకులమ్మకు అర్థం కాలేదు. "రాసిందానివి నువ్వే అయితే తుడిపేదానికి ఇంగొకరి పెత్తనమేంది?" అని అడిగింది.

నస్రీన్ ఇంకో గిన్నె తీసి మట్టి దులిపింది. నా దగ్గర మూడు పేజీల జవాబు ఉంది, పరాంకుశం గారు రాయించినది. దాన్ని చదివి వినిపించే ధైర్యం చాలలేదు.

*

గోడ కూలడంతో కమిషనర్ గారు అత్యవసర సమీక్ష పెట్టారు. మనిషి చచ్చి ఉంటే ఏమయ్యేదని అడిగారు. పరాంకుశం గారు లేచి నిలబడ్డారు.

"సార్, సమస్యను మనం తప్పు దిక్కు నుంచి చూస్తున్నాం. సాఫ్ట్‌వేరుకు, క్షేత్రస్థాయికి మధ్య వ్యత్యాసం ఉంది. నిజమే. సాఫ్ట్‌వేరును మార్చడం ప్రమాదకరం, స్కానరే చెబుతోంది. క్షేత్రస్థాయికి అలాంటి ఇబ్బంది లేదు. కనుక క్షేత్రస్థాయిని సాఫ్ట్‌వేరుకు అనుగుణంగా సవరించాలి."

"అంటే?"

"ఇంటి నంబరు 1-1ను కేంద్రీయ జల వితరణ ప్రాంగణంగా ప్రకటిద్దాం. నివాసిని ఖాళీ చేయిద్దాం. ఇల్లు ఎలాగూ పావు వంతు కూలింది కాబట్టి తక్కిన భాగం పని సులువు. నగర ప్రజలందరూ అక్కడికే వచ్చి నీళ్లు తీసుకెళ్లాలని ఉత్తర్వులిస్తే, సాఫ్ట్‌వేరు చేస్తున్నది నూటికి నూరు పాళ్లు సరైన పని అవుతుంది."

కమిషనర్ గారు తల ఊపారు. అది ఒప్పుకోలు తల ఊపడం. నేను కాగితం మీద శీర్షిక కూడా రాసుకున్నాను.

"సార్!" నస్రీన్ లేచింది. ఆ మధ్యాహ్నమే ఆమెకు, పరీక్షా లైను రాసినందుకు సంజాయిషీ మెమో అందింది. "సార్, సాఫ్ట్‌వేరు 1-1కి పంపుతాది, అంతే. 1-1 ఎక్కడుందో దానికి తెలియదు. అది టౌన్ ప్లానింగ్ వాళ్ల ఇళ్ల పటంలో చూసుకుంటాది. ఆ పటం డేటా సార్. సాఫ్ట్‌వేరు కాదు. దాన్ని మార్చేదానికి ద్వారం అక్కర్లేదు. ఆ నంబరును పెద్దమ్మ ఇంటి మీద నుంచి తీసి ఇంకో చోట పెడదాం. కొన్నాళ్లు, నేను సున్నా చేసేదాకా."

"ఎక్కడ పెడదాం?"

"ఎవరి ఇల్లూ కూలని చోట. ట్యాంకర్లు నీళ్లు నింపుకునే పెద్ద ట్యాంకు ఉంది కదా సార్, ఆడ."

పరాంకుశం గారు చాలాసేపు ఆలోచించారు. ఏ నిబంధనకు విరుద్ధమో దొరకలేదు. "డేటాను మేము స్కాన్ చేయం," అని ఒప్పుకున్నారు.

మరునాడే 1-1 అని రాసిన ఇనుప రేకును సుంకులమ్మ గుమ్మం మీద నుంచి పీకి, ఊరి బయట పెద్ద ట్యాంకు గేటుకు మేకులు కొట్టారు. పటంలోనూ మార్చారు.

దాంతో ఏం జరిగిందంటే, ట్యాంకరు అక్కడ నీళ్లు నింపుకుంటుంది. డ్రైవరు ఫోను చూస్తే చేరాల్సిన ఇల్లు అదే. ఉన్నచోటనే మీట నొక్కుతాడు. ట్రిప్పు పూర్తి. బుక్ చేసిన మనిషికి, మీ ఇంటికి నీళ్లు చేరాయని సందేశం. రాష్ట్రంలో ఏ నగరంలోనూ బుక్ చేసిన నిమిషంలో ట్యాంకరు చేరదు. మా నగరంలో చేరుతుంది. లెక్కలు చూసి కమిషనర్ గారు పరాంకుశం గారిని కౌగిలించుకున్నారు. నస్రీన్ సవరించిన కొత్త డబ్బా గురించి ఇక ఎవరూ అడగలేదు. ఇంత బాగా నడుస్తున్నదాన్ని ఎందుకు మార్చాలి?

*

అయితే సుంకులమ్మకు కొత్త చిక్కు వచ్చింది. ఆమె ఇంటికి ఇప్పుడు నంబరు లేదు. నంబరు లేని ఇంటికి ట్యాంకరు బుక్ కాదు. నిన్నటిదాకా నీళ్లలో మునిగిన మనిషికి ఇవాళ బొరుగులు నానబెట్టడానికి నీళ్లు లేవు. గోడ కట్టుకోవడానికి సహాయం కోసం వార్డు ఆఫీసుకు వెళ్తే కంప్యూటరు చూసి, "అవ్వా, నీ ఇల్లు ఈడ లేదు. ఊరి బయట ట్యాంకు దగ్గర ఉంది," అన్నారట.

ఆమె బిందె చంకన పెట్టుకుని ట్యాంకు దగ్గరికి నడిచింది. అప్పుడు నేను అక్కడే ఉన్నాను, విజయగాథకు ఫొటోలు తీయిస్తూ.

కాపలా మనిషి అడ్డం నిలబడ్డాడు. "బయటోళ్లకు లోపలికి అనుమతి లేదు."

"బయటోళ్లు ఎవరురా?" సుంకులమ్మ గేటు మీది రేకును చూపించింది. "ఆ నంబరు నాది. నా పేరు మీద ఉంది. వార్డు ఆఫీసులో అడుగుపో. ఇది నా ఇల్లు. నా ఇంటికి నన్ను రానీయకపోతే పోలీసు టేసనుకు పోతా."

కాపలా మనిషి నా వైపు చూశాడు. నేను వార్డు ఆఫీసుకు ఫోను చేశాను. నిజమే. రికార్డు ప్రకారం ఆ ట్యాంకు, పంపు గది, వేపచెట్టుతో సహా సుంకులమ్మ నివాసం. ఆమె లోపలికి వెళ్లి, బిందె నింపుకుని, చెట్టు కింద కూర్చుంది. ఇల్లు కూలిన మనిషి వేరే ఎక్కడికి పోతుంది? పంపు గదిలో చాప పరుచుకుంది.

అప్పుడే దస్తగిరి ట్యాంకరు నింపుకుని మీట నొక్కాడు. ట్రిప్పు లెక్కలో పడింది. బండి నిండా నీళ్లు అలాగే ఉన్నాయి.

"ఇప్పుడు ఈ నీళ్లు ఏంజేస్తావురా?" అని సుంకులమ్మ అడిగింది.

"తెలియదక్కా. మళ్లీ ట్యాంకులోనే వదిలేస్తాండాం. వదిలి మళ్లీ నింపుకుంటాండాం."

"ట్రిప్పు వచ్చేసినాది కదా?"

"వచ్చేసినాది."

"అయితే ఇంగ ఫోనుతో పనేముంది? ఆరో వార్డుకు పో. మసీదు సందులో మొదలుబెట్టు. ఆడ రెండు ఇండ్లల్లో చంటిబిడ్డలుండారు."

దస్తగిరి బండెక్కాడు.

ఆ రోజు నుంచి ఊళ్లో నీళ్ల పంపకం సుంకులమ్మ నోటి మీద నడిచింది. జనం వచ్చి ఆమెకు చెప్పుకుంటారు. ఎవరింట్లో పెళ్లి, ఎవరింట్లో పురుడు, ఎవరికి ఎన్నాళ్లుగా రాలేదు, అన్నీ ఆమెకు తెలుసు. అబద్ధం చెప్పినవాళ్ల మొహం చూసి పట్టేస్తుంది. ట్యాంకరు ఫోనులో ఒక చోటికి, నేల మీద వేరొక చోటికి వెళ్తుంది. ఆ వేసవిలో మొదటిసారిగా ఆరో వార్డులో రోడ్డు మీద ఖాళీ బిందెలు కనబడలేదు. ఆమె గోడ కూడా లేచింది. ఆరో వార్డు మేస్త్రీలు వచ్చి సిమెంటుతో కట్టిపోయారు. అయినా ఆమె పగలంతా ట్యాంకు దగ్గరే.

*

మా సంస్థకు 'ఉత్తమ భద్ర నగరం' పురస్కారం వచ్చింది. చేరవేత వేగానికి, సురక్షా ద్వారం పెట్టాక ఒక్క దుర్బలత కూడా లోపలికి పోనందుకు. పోలేదన్నది నిజమే. ఏదీ పోలేదు. ఇతర నగరాల అధికారులు చూడటానికి వచ్చారు. పరాంకుశం గారు వారికి తెర మీద పూర్తయిన ట్రిప్పుల ఆకుపచ్చ చుక్కలు చూపించారు. వారిలో ఒకాయన మాత్రం ట్యాంకు దాకా వెళ్తానని పట్టుబట్టాడు. అక్కడ చెట్టు కింద కూర్చుని లారీల మీద కేకలేస్తున్న సుంకులమ్మను చూసి, "ఈ భాగం స్కాన్ అయిందా?" అని అడిగాడు.

పరాంకుశం గారి మొహం పాలిపోయింది. తన వ్యవస్థలో స్కాన్ కాని భాగం ఒకటి నడుస్తోంది!

మర్నాడే ఆయన, నేను ట్యాంకు దగ్గరికి వెళ్లాం. ఆయన కుర్చీ వేయించుకున్నారు.

"అమ్మా, మీలో ఉన్న దుర్బలతలు చెప్పండి."

"అంటే ఏంది సారూ?"

"బలహీనతలు."

"మోకాళ్లు పట్టేస్తాయి. ఎడమ కన్ను సరిగ్గా ఆనదు. బిడ్డ తల్లి వచ్చి ఏడిస్తే తట్టుకోలేను, వరస తప్పించి ముందు ఆయమ్మకే పంపుతా."

ఆయన "తీవ్రం" అని రాసుకున్నారు. "బయటి శక్తులు మీ మీద ఒత్తిడి తెచ్చి ట్యాంకర్లను మళ్లించే అవకాశం ఉందా?"

"నిన్న కార్పొరేటరు వచ్చినాడు. బామ్మర్ది హోటలుకు పంపమన్నాడు."

"మీరేం చేశారు?"

"తిట్టినా. పాయె."

"ఏమని తిట్టారు?"

ఆమె చెప్పింది. పరాంకుశం గారు కలం ఆపేశారు. నేను 'పటిష్ఠమైన రక్షణ కవచం' అని రాసుకున్నాను.

నివేదిక వారంలో సిద్ధమైంది. సుంకులమ్మలో పద్నాలుగు దుర్బలతలు ఉన్నాయని, వాటిలో వయసు, జాలి అనేవి సరిచేయడానికి వీలులేనివని, కనుక ఆమె స్థానంలో అదే పని చేసే భద్రమైన సాఫ్ట్‌వేరును ప్రవేశపెట్టాలని అందులో ఉంది. ఎవరికి ముందు నీళ్లు పంపాలో అదే తేలుస్తుందట. అది ద్వారం దాటి లోపలికి వచ్చిన రోజున సుంకులమ్మను తప్పించాలి. తయారుచేసే బాధ్యత నస్రీన్‌కు అప్పగించారు. మెమో కూడా రద్దు చేశారు.

నస్రీన్ వారం కూడా తిరక్కుండా తయారుచేసింది. ఎంతో శ్రద్ధగా, ఎక్కడెక్కడివో సామాన్లన్నీ తెచ్చి, డబ్బా నిండా కుక్కింది. ముద్రణ యంత్రపు సామగ్రి కూడా పెట్టింది. ఇదెందుకమ్మా అని అడిగితే, "పనికొస్తాది సార్," అంది. కొత్త అచ్చు వరసలో జరిగి ద్వారం దాకా వెళ్లింది, ఆగిపోయింది. మూడు వందల పైచిలుకు దుర్బలతలు. పరాంకుశం గారు విచారించారు. రాజీ పడలేదు. ఆ అమ్మాయి పాతికో ముప్పయ్యో తగ్గించి మళ్లీ పంపింది. మళ్లీ ఆగింది. వేసవి పోయింది. ఇంకో వేసవి వచ్చింది.

ఇవాళ కూడా ఆగిందట. ఆ సంగతి చెప్పడానికి నస్రీన్ ఎప్పటిలాగే స్వయంగా ట్యాంకు దగ్గరికి వెళ్లింది. నాకు ఆఫీసులో పని లేక నేనూ వెళ్లాను. సుంకులమ్మ చెట్టు కిందే పెట్టుకున్న బాణలిలోంచి తీసి ఇద్దరికీ కాగితంలో బజ్జీలు పెట్టిచ్చింది.

"ఏమాయె పాపా, నీ మిషను?"

"ఈసారి గూడ నిలబెట్టేసినారు పెద్దమ్మా."

"అట్లనా," అంది సుంకులమ్మ. ఆమె కన్ను గేటు దగ్గరి లారీ మీద ఉంది. "తొందరేముంది, నిలకడగా చేసుకో. రేయ్ దస్తగిరీ, ఇంగా ఈడనే నిలబడినావేందిరా? ఆ దవాఖానలో మధ్యాన్నం కాన్పులున్నాయంట, పో!"